చేపలమ్మే ఆమె మత్స్యకారురాలు ఎందుకు కాదు?

హనుమకొండ నుంచి ములుగు పోయే తొవ్వలో ఒక ఊళ్లో వారానికోసారి అంగడి కూడుతుంది. కూరగాయల కుప్పలు, మిర్చి బజ్జీల బండి, ఒట్టిచేపల బస్తాలు దాటి చివరిదాకా పోతే మురికి కాలువ పక్కన చేపల వరుస. అక్కడ నేనెప్పుడూ కొనే ఆమెకు యాభై దాటి ఉంటాయి. కత్తిపీటను కాలి కింద అదిమిపెట్టి, రవ్వ చేపను తోక పట్టుకొని తిప్పుతూ పొలుసు గీకుతుంది. మొప్పలు లాగి, కడుపు చీరి, లోపలివన్నీ వేలితో ఒక్క గుంజుకు బయటికి తీస్తుంది. చేదు తిత్తి పగలకూడదు, పగిలితే కూరంతా చేదే. కిలోన్నర చేప ముక్కలై కవర్లో పడటానికి రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపట్లోనే ఇంకో ఇద్దరితో బేరం, ఒకరికి పోయిన వారం ఉద్దెర గుర్తుచేయడం, కుక్కను అదిలించడం కూడా అయిపోతాయి.

మొన్నామధ్య వాళ్లింటికి సర్వేకు వచ్చినవాళ్లు ఎవరెవరు ఏం పని చేస్తారో అడిగి రాసుకుపోయారట. భర్తకు మత్స్యకారుడని రాశారు. కొడుకుకూ అదే రాశారు. అతను హైదరాబాద్‌లో కారు నడుపుతాడు, చెరువులో దిగి ఆరేళ్లయింది, కానీ సొసైటీలో పేరుంది. "మరి నీకేం రాసిండ్రు?" అని అడిగితే కత్తి మీది నుంచి కళ్లెత్తకుండానే చెప్పింది: "నాకేముంటది బిడ్డా, కూలి అని రాయమన్న."

కాగితాల ప్రకారం చూస్తే ఆమె మాటలో తప్పేం లేదు. తప్పెక్కడుందో తెలియాలంటే చెరువు మీద హక్కు ఎవరికి ఎట్లా వస్తుందో ముందు చూడాలి.

వల విసిరితేనే సభ్యత్వం

ఊళ్లో గంగపుత్రులు, బెస్తలు, ముదిరాజులు, తెనుగువాళ్లు చేపల పని చేస్తారని అందరికీ తెలుసు. కానీ ప్రభుత్వ లెక్కలో కులం ఒక్కటే చాలదు. చెరువులో చేప పట్టే హక్కు మనిషికి కాక సొసైటీకి ఉంటుంది. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన మత్స్య పారిశ్రామిక సహకార సంఘం అది. ఊరి సొసైటీ పైన జిల్లా సంఘం, దాని పైన రాష్ట్ర ఫెడరేషన్. సభ్యత్వం ఉన్నవాళ్లకే వేటలో పాలు, అంటే వాటా. సబ్సిడీ బండ్ల జాబితా అయినా, వలల జాబితా అయినా చాలామటుకు సొసైటీ రిజిస్టర్ ముందు పెట్టుకునే రాస్తారు.

ఆ రిజిస్టర్‌లోకి ఎక్కాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి, ఊరివాళ్లై ఉండాలి, నైపుణ్య పరీక్ష నెగ్గాలి. మత్స్యశాఖ వాళ్లు వచ్చి చెరువు దగ్గరే పెడతారు: వల విసరాలి, ఈత రావాలి. చేపల పనంటే నీళ్లలో జరిగేదే అన్న నమ్మకం మీద ఆ పరీక్ష నిలబడింది. నలభై కిలోల చేపను ఐసు కరిగేలోపు నాలుగు వాడలు తిరిగి అమ్ముకొచ్చేది ఎట్లాగో అందులో అడగరు. మొప్ప ఎత్తి చూసి నిన్నటి చేపేదో ఇవాళ్టి చేపేదో చెప్పమని అడగరు. ఎవరికి ఉద్దెర ఇవ్వొచ్చు, ఎవరికి ఇవ్వొద్దు అన్నది అసలే అడగరు. వలలో పడ్డ చేప డబ్బుగా మారేది ఈ పనులతోనే.

చట్టం ఆడవాళ్లను వద్దనదు. వద్దనేది పాలు. సొసైటీలో ఒక పేరు చేరితే ఉన్నవాళ్లందరి వాటా అంతో ఇంతో తగ్గుతుంది కాబట్టి కొత్త సభ్యత్వం అంటేనే ఊళ్లలో పంచాయితీ. పద్దెనిమిది నిండిన కొడుకును చేర్చుకోవడానికే తగువు పడే చోట, "మా ఆమె పేరు కూడా రాయండి" అనే మగవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఏ కులానికి సభ్యత్వం ఇవ్వాలి, ఎవరి వాటా ఎంత అని ఏళ్ల తరబడి నడుస్తున్న వాదం కూడా మగవాళ్లకూ మగవాళ్లకూ మధ్యే.

మహిళా మత్స్య సంఘాలు లేవా అంటే ఉన్నాయి. బోర్డులున్నాయి, అధ్యక్షురాళ్లున్నారు. కానీ ఊరి చెరువు అప్పటికే మగవాళ్ల సొసైటీ చేతిలో ఉంటుంది. దాంతో మహిళా సంఘం చాలా చోట్ల నీళ్లు లేని చేపల సంఘంగానే మిగులుతోంది.

భర్త చనిపోయినప్పుడు ఈ ఏర్పాటు ఎంత పలుచనిదో బయటపడుతుంది. ముప్పై ఏళ్లు కట్ట మీద చేపలు తూచి అమ్మిన మనిషికి భర్త వాటాతోనే చెరువుతో లెక్క తెగిపోతుంది. కొడుకు ఎదిగి ఉంటే పాలు అతనికి పోతుంది. లేకపోతే పెద్దమనుషులు దయతలచి ఏదో పాలు ఇస్తే ఇచ్చినట్టు.

తట్ట వేట, డీసీఎం వేట

రామప్ప, పాఖాల, లక్నవరం, ఘణపురం అని కాకతీయుల చెరువుల పేర్లు చెప్పుకొని మురుస్తాం కానీ ఊరి ఆడవాళ్ల బతుకు ఎక్కువగా పేరు లేని చెరువులూ కుంటల మీదే నడిచింది. ఆ పాత నడక ఇలా ఉండేది. వానాకాలం చెరువు నిండుతుంది, ఎండాకాలానికి గుంజుకుపోతుంది. నీళ్లు తగ్గేకొద్దీ చేప చేతికి అందుతుంది. మగవాళ్లు తెల్లవారుజామున వలలు ఎత్తేసరికి ఆడవాళ్లు తట్టలతో కట్ట మీదికి చేరేవాళ్లు. రోజుకు పాతిక కిలోలో ముప్పై కిలోలో దిగేది. నాలుగు తట్టలకు సరిపోయే చేప. ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్లు, పైసలు లేని ఇంట్లో వడ్లు కొలిపించుకునేవాళ్లు. దీన్ని తట్ట వేట అందాం.

46 వేలకు పైగా చెరువులు, కుంటలు బాగుచేయాలని 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. మరుసటి ఏడాది నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టింది: బొచ్చె, రవ్వ, మృగాల, బంగారుతీగ. వానలతో నిండి ఎండిపోయే కుంటలకు 35–40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు 80–100 మిల్లీమీటర్ల పిల్ల. అటు శ్రీరాంసాగర్ కాలువలు, ఇటు దేవాదుల నీళ్లు వచ్చిన చోట ఎండాకాలంలోనూ చెరువు తడిగానే ఉంటోంది. చేప పెరిగిందన్నది కళ్లెదుటి నిజం. కాదనేవాళ్లు ఒకసారి కట్ట మీదికి పోయి చూడాలి.

అయితే నీళ్లు లోతుగా ఉన్న చెరువులో పాతిక కిలోల వేట గిట్టదు. పెద్ద వలలు కావాలి, పదిమంది కూలి కావాలి. సొసైటీ ఒక రోజు ఖరారు చేసుకొని టన్నుల లెక్కన ఒకేసారి దించుతుంది. అన్ని చేపలు మధ్యాహ్నందాకా ఆగవు. కాబట్టి ముందే మాట్లాడుకున్న వ్యాపారి డీసీఎం వ్యాను, ఐసు, కాంటా, డబ్బు అన్నీ తనే తెచ్చుకుని కట్ట కింద తయారుగా ఉంటాడు. చాలాసార్లు ఆ వలల కూలికి అప్పు పెట్టిందీ అతనే. అప్పు తిన్నాక ధర చెప్పే నోరు సొసైటీకి ఉండదు. ఇది డీసీఎం వేట.

తట్ట వేట డీసీఎం వేట అయిన చోట ఆడవాళ్లు కట్ట మీద మిగలరు. ఎవరో వెళ్లగొట్టారని కాదు, పదిహేను వందల కిలోల తూకంలో ఆమె అడిగే ఇరవై కిలోలు లెక్కకు రావు. "నీకు విడిగ ఎక్కడ తూచేది అక్కా, ఆగు" అంటారు. ఆగితే మిగిలేది నలిగిన చేప. దాంతో ఆమె తెల్లారి ఆటో మాట్లాడుకొని పట్నం మార్కెట్‌కు పోతుంది. ఆకివీడు, కైకలూరు దిక్కు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన చేప అక్కడ దొరుకుతుంది. ఒక్కోసారి తన ఊరి చెరువు చేపే అక్కడికి చేరి, కిలోకు ముప్పై నలభై ఎక్కువ పెట్టి ఆమె చేతికే తిరిగొస్తుంది.

ఆమె రోజు లెక్క ఎలా ఉంటుందో ఊహకు ఒకటి వేసి చూద్దాం. అంకెలు నేను వేసినవే, వరస మాత్రం అంగడిలో ఎవరిని అడిగినా చెప్పేదే.

పాతిక కిలోలు, కిలో 110 చొప్పున కొంటే 2,750 పెట్టుబడి. పొద్దున మంచి బేరం: 14 కిలోలు 160కి పోయాయి, 2,240 వచ్చింది. పదకొండు దాటాక మొప్పల రంగు మారుతుంది, ధర దిగుతుంది: 6 కిలోలు 130కి, 780. చివర్లో 3 కిలోలు వందకు, 300. రెండు కిలోలు అమ్ముడుపోలేదు. మొత్తం 3,320. ఆటోకు 150, ఐసుకు 50, తైబజారుకు (అంగడి రుసుముకు) 30, కవర్లకు 20 తీసేస్తే మిగిలింది 320. ఆ 2,750 ఆమె సొంత డబ్బు కాదు, గిరిగిరి వాడి (రోజువారీ వడ్డీకి అప్పిచ్చేవాడి) దగ్గర పొద్దున తెచ్చింది. సాయంత్రానికి వంద వడ్డీ కట్టాలి. 220. అమ్మిన దాంట్లో మూడు వందలు ఉద్దెరకు పోయి ఉంటే, ఎనభై రూపాయలు ఎదురు పెట్టి అప్పు తీర్చాలి.

చీకటితో లేచి మధ్యాహ్నం రెండింటిదాకా చేసిన పని ఇది. కోసిచ్చిన కూలి ఇందులో ఎక్కడా లేదు చూడండి. చేప కొన్నవాడికి కోత ఉచితం అని మనమే అనుకుంటాం, ఆమె కూడా అట్లాగే అనుకుంటుంది. కానీ పట్నంలో చేపను కోసివ్వడమే పనిగా కూర్చున్నవాళ్లు కిలోకు ఇంత అని తీసుకుంటారు.

మృగశిర కార్తె రోజు సంగతి వేరు. జూన్ 7నో 8నో వచ్చే ఆ ఒక్కరోజు చేప తినని ఇల్లుండదు కాబట్టి అడిగిన ధర పలుకుతుంది. "మిరుగు నాడు బంగారమే" అంటుంది మా అంగడి ఆమె. మిగతా రోజుల్లో నాట్లు, కలుపు, పత్తి ఏరడం, ఎండాకాలంలో మిర్చి ఏరడం. సీతాఫలాల కాలంలో వాటిని గంపలో పెట్టుకొని రోడ్డు పక్కన కూర్చోవడం. సర్వేవాళ్లకు ఆమె "కూలి" అని రాయమన్నది ఊరికే కాదు. ఏడాదిలో చేపల రోజుల కన్నా ఈ రోజులే ఎక్కువ. జనాభా లెక్కల్లో ఆరు నెలలకు తక్కువ పని చేస్తే ముఖ్య కార్మికుల్లో పడరు. నాలుగు పనులు కలిపి ఏడాదంతా చేసే మనిషికి ఏ ఒక్క పని పేరూ అంటదు.

బండి ఎవరు నడుపుతారు

2018లో సమీకృత మత్స్య అభివృద్ధి పథకం కింద 75 శాతం సబ్సిడీతో చేపలమ్మడానికి మోపెడ్లు ఇచ్చారు. వెనక ఐసు డబ్బా, ముందు హ్యాండిల్. మంచి పథకమే. కానీ బండి పోయింది సొసైటీ సభ్యులకు, అంటే మగవాళ్లకు. బండి వచ్చిన చాలా ఇళ్లలో అమ్మకం కూడా చేతులు మారింది. భార్య తట్టతో రెండు వాడలు తిరిగితే, భర్త మోపెడ్ మీద ఆరు ఊళ్లు చుట్టి వస్తాడు. ఇంటికి వచ్చే డబ్బు పెరుగుతుంది. కానీ అంతకుముందు ఆమె కొంగున కట్టుకున్న డబ్బు ఇప్పుడు ఆయన జేబులో ఉంటుంది. ఆమె ఇంట్లో కూర్చొని పొలుసు తీస్తుంది. ఈ పథకం మంచిదా చెడ్డదా అంటే నా దగ్గర ఒక్కమాట జవాబు లేదు. ఇల్లు కొంచెం బాగుపడింది, ఆమె చేతిలో ఆడే పైసలు తగ్గాయి. ఈ రెండూ ఒకే ఇంట్లో జరిగాయి.

2020లో వచ్చిన కేంద్ర పథకం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇంకో మలుపుంది. జనరల్ లబ్ధిదారుకు 40 శాతం సబ్సిడీ, ఎస్సీ, ఎస్టీ, మహిళలకైతే 60 శాతం. ఇరవై శాతం తేడా అంటే లక్షల మీద లెక్క. ఇక చెప్పేదేముంది, ఇంట్లో ఆడమనిషి పేరు హఠాత్తుగా గుర్తొస్తుంది. దరఖాస్తు ఆమె పేరున, సంతకం ఆమెది, చెరువూ ఖాతా పుస్తకమూ ఇంకొకరివి. అందరూ ఇట్లాగే చేస్తారని కాదు. మహిళా సంఘాలకు ఇందిరా మహిళా శక్తి పథకం కింద సంచార చేపల అమ్మకం బండ్లు ఇవ్వడంతో, సంఘం పేరున ఉన్న బండిని ఏ ఒక్కరి మొగుడో సొంతం చేసుకోవడం కొంత కష్టం. అందుకే ఆ దారి నాకు మెరుగ్గా కనిపిస్తుంది. కాకపోతే ఆ బండిలోకి చేప ఏ కట్ట మీది నుంచి, ఏ ధరకు వస్తుందన్న పాత ప్రశ్న అక్కడే ఉంది.

2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు. ఆమెకు లేదు సరే, నీళ్లు కారే తట్టకు బస్సులో చోటు దొరకాలి కదా. కేరళ వాళ్లు తిరువనంతపురంలో చేపలమ్మే ఆడవాళ్ల కోసమే 2021లో 'సముద్ర' అని ఉచిత బస్సు వేశారు, తట్టలు పెట్టుకోవడానికి వీలుగా. సముద్రం వాళ్లకుంది, మనకు లేదు. తట్టలు మాత్రం ఇక్కడా ఉన్నాయి.

కూర్చునే చోటు సంగతి కూడా చెప్పాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణాలకే వర్తిస్తుంది. దాని కింద ఏర్పడే కమిటీల్లో వ్యాపారుల ప్రతినిధుల్లో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఊరి అంగడికి అదేమీ లేదు. తైబజారు వేలం పాడుకున్నవాడు వసూలు చేసుకుంటాడు. నీళ్ల కుళాయి, నీడ, మరుగుదొడ్డి ఎవరి బాధ్యతో ఎవరూ చెప్పరు. పొద్దంతా కూర్చోవాల్సిన ఆడవాళ్లు అందుకే నీళ్లు తాగడం మానుకుంటారు. మూత్రంలో మంట, నడుం నొప్పి, ఉప్పునీళ్లకు మానని వేళ్ల గాట్లు వాళ్ల మాటల్లో చేప ధరలతో కలిసి వస్తూనే ఉంటాయి.

ఉత్తర తెలంగాణలోనే పక్కన పెట్టి చూడదగ్గ పని ఒకటుంది: బీడీలు చుట్టడం. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ముదిరాజ్ ఆడవాళ్లు కూడా చాలామంది బీడీలు చుట్టారు. ఇంట్లో కూర్చొని చేసే పనే, కూలీ తక్కువే, ఊపిరితిత్తులకు చేటే. కానీ ఆమెకు గుర్తింపు కార్డుంది, పీఎఫ్ ఖాతా ఉంది, 2015 నుంచి నెలనెలా భృతి ఉంది. 1966లో బీడీ కార్మికులకంటూ ఒక చట్టం వచ్చింది, 1976లో సంక్షేమ నిధి వచ్చింది, వెనక యూనియన్ల కొట్లాట ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, లెక్క రాసుకునే కంపెనీ ఒకటుంది. చేపలమ్మే ఆమెకు యజమాని ఎవరూ లేరు. పేరుకు తనకు తనే యజమాని కాబట్టి లెక్క రాసేవాడూ లేడు. చేనేత, గీత కార్మికులకు యాభై నిండగానే ఆసరా పింఛను వస్తుంది. ఆ వరసలో చేపల పని లేదు. మగవాడికే లేనిది ఆమెకు ఎక్కడిది!

దేశంలో చేపల పని చేసే ఆడవాళ్ల గురించి మనకున్న అంకెలు ఎక్కువగా తీరం నుంచి వచ్చినవి. సముద్ర మత్స్యకారుల గణన 2005లో, 2010లో, ఆ తర్వాతా జరిగింది. అందులో చేపలమ్మే ఆడవాళ్లను విడిగా లెక్కపెట్టారు. సముద్రం లేని తెలంగాణ ఆ లెక్కలోకి రాదు. ప్రపంచం మొత్తం మీద చిన్నతరహా చేపల పనిలో, పట్టడం దగ్గర నుంచి అమ్మడం దాకా అన్నీ కలిపితే పదిమందిలో నలుగురు ఆడవాళ్లేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023 నివేదిక చెబుతోంది. పడవ ఎక్కినవాళ్లనే లెక్కపెడితే ఇందులో ఎక్కువమంది కనబడరు. వరంగల్ అంగడిలోనూ అంతే.

సొసైటీ హక్కుల గొడవలో ఎప్పుడూ పడనిది చిన్న చేప. మత్తడి దుంకినప్పుడు (చెరువు నిండి అలుగు పారినప్పుడు) కింది కాలువలో పాత చీరో దోమతెరో పట్టి పరకలు, చిన్న రొయ్యలు పట్టేది ఆడవాళ్లూ పిల్లలే. కుంట ఎండే రోజుల్లో బురదలో మిగిలినవి ఏరి, ఉప్పు రాసి, బండ మీద ఎండబెట్టి దాస్తే వానాకాలం పులుసుకు అవే దిక్కు. అమ్మినా ఆ డబ్బు అడిగేవాడు లేడు. తల, ముళ్లతో సహా నమిలి తినే ఈ చిన్న చేపల్లో పిల్లలకు, బాలింతలకు కావలసిన పోషకాలు దండిగా ఉంటాయని బంగ్లాదేశ్‌లో చూపించినందుకే శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. మన పథకాల్లో విత్తనం అంటే కిలోల లెక్క పెరిగే చేపే. పరకను ఎవరూ చెరువులో వదలరు, దాని దిగుబడి ఎవరూ రాయరు. దాన్ని ఏరే ఆమెలాగే.

ఏం చేస్తే మారుతుంది అని అడిగితే నాకు తోచేవి చిన్నవే. వల విసరడంతో పాటు అమ్మకం, కోత, ఎండబెట్టడం కూడా నైపుణ్యమేనని ఆ పరీక్షలో ఒప్పుకోవాలి. పెద్ద వేట రోజున మొదటి రెండు మూడు క్వింటాళ్లు వ్యాపారి కాంటా ఎక్కకముందే ఊరి ఆడవాళ్లకు అదే ధరకు తూచివ్వాలని సొసైటీ తీర్మానం చేసుకోవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క మీటింగ్ చాలు. పొద్దున తెచ్చి సాయంత్రం కట్టే పెట్టుబడి మహిళా సంఘం నుంచి దొరికితే గిరిగిరి వంద రూపాయలు రోజూ మిగులుతాయి.

పోయిన వారం ఇదే మా అంగడి ఆమెకు చెప్పాను. సొసైటీలో పేరు రాయించుకోమన్నాను, ఆడవాళ్లకు వద్దని ఎక్కడా లేదన్నాను. ఆమె బొచ్చె తల రెండుగా చీలుస్తూ విన్నది. తర్వాత అడిగింది: "పేరు రాపిస్త గని బిడ్డా, కట్ట మీద నా తట్టకు మొదలు తూస్తరా, బండోడు నింపుకున్నంక తూస్తరా? అది అడిగి చెప్పు."

అడుగుతానన్నాను. అప్పటికే ఆమె పక్కవాళ్లకు ధర చెబుతోంది.